బాణపుగుర్తులు చూపలేని వలస

ప్రాచీనకాలపు వలసలను ప్రదర్శింపవలసి వచ్చినపుడు పురావస్తుశాలలవారు తఱచుగా గోడపై నొక పెద్ద పటము వ్రేలగట్టి దానిపై ఎఱ్ఱని బాణపుగుర్తులు గీయుదురు. క్రింద అద్దాలబీరువాలో కుండలు పేర్చుదురు. కుండ మాఱినచోట మనుష్యులును మాఱిరని చూపఱులు గ్రహింపవలెను కాబోలు. ఈ పద్ధతి యెంత లోపభూయిష్టమో తెలియుటకు కానేషు నగరమొక్కటి చాలును.

టర్కీదేశమున కైసరీ పట్టణమునకు చేరువనున్న కుల్‌తెపె దిబ్బయే నాటి కానేషు. క్రీస్తుపూర్వము 1900 ప్రాంతమున టైగ్రిసు నదీతీరమందలి అస్సూరు నగరమునుండి వర్తకులు తగరమును, ఉన్నివస్త్రములను గాడిదలపై వేసికొని, సుమారు 1000 కిలోమీటర్లు నడిచి ఇచటికి వచ్చిరి. వెండిబంగారములను స్వస్థలమునకు పంపిరి. పెక్కుమంది ఇచటనే కాపురముండిరి. అస్సూరున నొక భార్య యుండగా ఇచట స్థానిక స్త్రీని వివాహమాడినవారును కలరు. 1948 నుండి తహ్సీన్ ఓజ్‌గుచ్ జరిపిన త్రవ్వకములలో వారి పేట బయల్పడినది. ఇండ్లు ఇరుగుపొరుగు వారి యిండ్లవంటివే. కుండలు, వంటపాత్రలు ఆ సీమవే. మట్టిపలకలు దొరకకున్నచో అచట పరదేశీయు లుండిరని చెప్పుటకు ఆధారము దాదాపు శూన్యము. హోసూరులోనో బరంపురములోనో వంటయింటి గిన్నెలను చూచి ఆ యింటిభాష తెలుగని చెప్పగలవారెవరు?

ఆ పలకలు 20000కు పైబడినవి. 2015లో యునెస్కో వానిని ప్రపంచస్మృతి పట్టికలో చేర్చినది. లెక్కలు, ఒప్పందములు, తగవులు. వాని నడుమ ఇంటి జాబులు. అన్నియు వారి మాతృభాషలోనివే. అస్సూరుననున్న లమస్సి యను నిల్లాలు కానేషుననున్న భర్త పుషుకేనునకు తాను పంపిన బట్టలగూర్చి వ్రాయును; మఱొకచోట, పిల్ల పెద్దదైనది, వచ్చి దేవుని సన్నిధి నొప్పగింపుమని తొందరపెట్టును.

ఇట్టి పలకను లిపికి నమూనాగా పెట్టి, కాలమును కొలతలును మాత్రము వ్రాసి యూరకుండుట అన్యాయము. నిర్వాహకుడు మొదట ఆ యింటి నమూనాను కట్టింపవలెను. చూపఱి లోనికి పోయి, కుండలు చూచి, ఇది స్థానికుల యిల్లే యని నిశ్చయించుకొనవలెను. అంతట లమస్సి జాబు వినిపింపవలెను. ప్రదర్శనలో వ్రాత యెక్కువైనచో జనులు విసుగుచెందుదురను భయము నిర్వాహకులకు కలదు. అది నిరాధారము కాదు. కాని ఒక్క జాబును వినుట కెవ్వరును విసుగుకొనరు.

ఒక్క జాగ్రత్త మాత్రము వలయును. ఆ పలకలు ముఖ్యముగా కలిగిన వర్తకులవి. గాడిదలు తోలినవారి మాట వానిలో వినబడుట అరుదు. స్థానిక భార్యల జాబులును మిక్కిలి తక్కువ. వలసవచ్చినవానిని మనకు కనబడకుండ జేసిన ఆ వంటకుండ బహుశః ఆమెదే. దానిని వలసకు సాక్ష్యము కాదని మూలకు త్రోయక, ఆమె పేర పొయ్యిచెంతనే యుంచుట మేలు.