బస్తర్ వాన లెక్కల్లో సగటు చెప్పనిదేమిటి?

వానాకాలం వచ్చిందంటే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రోజూ ఒక వర్షపాత ప్రకటన విడుదల చేస్తుంది. జూన్ 1 నుండి ఇంతవరకు రాష్ట్రంలో సగటున ఇన్ని మిల్లీమీటర్లు కురిసింది, ఫలానా జిల్లాలో అత్యధికం, ఫలానా జిల్లాలో అత్యల్పం - ఇదీ దాని వరస. అత్యధికం దగ్గర బస్తర్ ప్రాంతంలోని బీజాపూర్ పేరు తరచుగా కనిపిస్తుంది. తహసీళ్లలోని వర్షమాపకాల రీడింగులను రెవెన్యూ సిబ్బంది సేకరించి పైకి పంపుతారు. అడవులు, కొండలు, వాగుల నడుమ ఈ పని రోజూ జరగడం చిన్న విషయం కాదు. అయితే ఆ ప్రకటన ఎవరికి పనికొస్తుంది?

ముందు సగటు సంగతి చూద్దాం. ఒక జిల్లాలో మూడు వర్షమాపకాలు ఉన్నాయనుకోండి. ఒకదానిలో 150 మి.మీ., మిగతా రెండింటిలో 20, 10 మి.మీ. నమోదైతే సగటు 60 మి.మీ. వస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ మూడు చోట్లలో ఎక్కడా 60 మి.మీ. వాన పడలేదు! 150 పడిన చోట వాగు పొంగుతుంది, 10 పడిన చోట నారు ఎండుతుంది. ప్రకటన మాత్రం మంచి వాన కురిసిందంటుంది. ఒక్కో మాపకం ఎంత విస్తీర్ణానికి ప్రాతినిధ్యం వహిస్తుందో లెక్కగట్టి సగటు తీసే పద్ధతిని అమెరికా వాతావరణ శాస్త్రవేత్త థీసెన్ 1911లోనే సూచించాడు. కాగితం, పెన్సిలు, స్కేలు ఉంటే కాలేజీ విద్యార్థులు కూడా చేయగలరు.

ఇక మాపకాల సంఖ్య. భారతీయ ప్రమాణాల ప్రకారం మైదానాల్లో 520 చ.కి.మీ.కు ఒకటి, వానలు ఎక్కువగా పడే కొండ ప్రాంతాల్లో 130 చ.కి.మీ.కు ఒకటి చొప్పున ఉండాలి. 1998లో విభజించక ముందు బస్తర్ జిల్లా విస్తీర్ణం 39 వేల చ.కి.మీ. పైమాటే, అంటే కేరళ రాష్ట్రం కంటే కాస్త పెద్దది. మైదానం లెక్కన చూసినా 75 మాపకాలు కావాలి. కొండ లెక్కన 300. బస్తర్‌లో పీఠభూమీ ఉంది, బైలాదిలా కొండలూ ఉన్నాయి. తహసీలు కార్యాలయం సాధారణంగా రోడ్డు పక్కన, ఊళ్లో ఉంటుంది. వాగు పుట్టేది మాత్రం కొండ మీద.

అన్నిటికంటే పెద్ద లోపం కాలానికి సంబంధించినది. మన దేశంలో రోజు వర్షపాతాన్ని ఉదయం 8.30కి కొలుస్తారు. 120 మి.మీ. వాన 24 గంటలపాటు నిదానంగా కురిస్తే గంటకు 5 మి.మీ. అవుతుంది, నేల చాలా భాగం పీల్చుకుంటుంది. అదే వాన మూడు గంటల్లో పడితే గంటకు 40 మి.మీ.! రిజిస్టరులో రెండింటికీ ఒకే అంకె. 2025 ఆగస్టు చివర బస్తర్, దంతెవాడ జిల్లాల్లో వరదలు ప్రాణాలు తీశాయి, వంతెనలను దెబ్బతీశాయి. దంతెవాడ దగ్గర కలిసే శంఖిని, డంకిని వంటి చిన్న నదులు కొన్ని గంటల్లోనే పొంగుతాయి. వాటికి మర్నాటి ఉదయపు అంకె చరిత్రే తప్ప హెచ్చరిక కాదు. గంట గంటకూ తనంతట తానే నమోదు చేసే యంత్రాలు అవసరమయ్యేది ఇందుకే.

గత పదేళ్ల సగటుతో పోల్చడమూ ఆ ప్రకటనలో మామూలే. వాతావరణ శాఖ సాధారణ వర్షపాతానికి 1971-2020 నాటి యాభై ఏళ్లను తీసుకుంటుంది. రెండు కొలబద్దలు ఉన్నప్పుడు ఒకే వాన ఒకచోట లోటుగా, మరోచోట అధికంగా కనబడవచ్చు.

నదుల మట్టాలు కొలిచేది కేంద్ర జలసంఘం. ఇంద్రావతిపై జగదల్‌పూర్, పాతగూడెం, శబరిపై కుంట దాని కేంద్రాలే. వీటి సమాచారం దిగువన ఉన్న మనవాళ్లకు ఎంతో విలువైనది. భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అక్కడ 43, 48, 53 అడుగుల వద్ద మూడు హెచ్చరికలున్నాయి. ఏ అంకెకు సామాను సర్దుకోవాలో చిన్నపిల్లలకూ తెలుసు. ఎగువన వాగు పక్కన ఉండే గోండు పల్లెకు అలాంటి అంకె ఏది?

వాన ప్రకటనలో నదీ మట్టాన్ని పక్కనే చేర్చకపోతే ఇంకో చిక్కు ఉంది. కూనవరం వద్ద శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీరు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్ని కుంటను, జాతీయ రహదారిని ముంచుతుంది. ఆనాడు సుక్మా జిల్లా వర్షపాతం గడిలో సున్నా ఉన్నా ఆశ్చర్యం లేదు.