అట్ట కారు, బొగ్గు బస్సు

మా నంద్యాల వైపు పాత ఆల్బమ్‌లు తిరగేస్తే తరచూ కనిపించే కారుకు పెట్రోలుతో పని లేదు. అది అట్ట కారు. మహానంది శివరాత్రి తిరునాళ్లలోనో, అహోబిలం తిరునాళ్లలోనో ఫొటో డేరా వేసినవాళ్లు పెద్ద అట్ట మీద కారు బొమ్మ గీసి, రంగులు వేసి, వెనకాల ఒక బెంచీ పెట్టేవాళ్లు. భర్త స్టీరింగు పట్టుకున్నట్టు చేతులు చాచి బిగుసుకుని కూర్చుంటాడు. భార్య కొంగు భుజం నిండా కప్పుకుని కెమెరా వైపు కోపంగా చూస్తుంటుంది. కారు కింద చూడండి, బెంచీ కాళ్లతో పాటు వాళ్ల కాళ్లు కూడా కనిపిస్తాయి, చెప్పుల్లేకుండా.

ఆదివారాలు భూతద్దం పట్టుకుని ఇలాంటి ఫొటోలు చూడటం నాకు కొన్నేళ్లుగా ఉన్న అలవాటు. నంద్యాలలో, ఆళ్లగడ్డలో తెలిసినవాళ్లు పిలిచి చూపిస్తారు. ఎప్పటిదని అడిగితే అందరూ చెప్పేది ఒకటే, "మా జేజినాయన కాలంది." జేజినాయనలు అందరికీ ఉంటారు కాబట్టి ఆ మాట ఎందుకూ పనికిరాదు. కాలం చెప్పాల్సింది ఫొటోలో ఉన్న మోటారే.

అది పెద్ద విద్యేమీ కాదు. ఫోర్డ్ మోడల్ టీ కారు ముందు రేడియేటరు ఇత్తడిలా మెరుస్తుంటే అది 1916 లోపు తయారైన బండి. నల్లగా ఉంటే ఆ తర్వాతది. దీపాలు చూడండి. తొలినాళ్ల హెడ్‌లైట్లు కరెంటువి కావు, కార్బైడ్ మీద నీటి చుక్కలు పడితే పుట్టే గ్యాసుతో వెలిగేవి. ముందు బంపరు కింద హ్యాండిలు వేలాడుతుంటే మాత్రం తొందరపడి లెక్క కట్టకూడదు. మీట నొక్కితే స్టార్టయ్యే కారును కాడిలాక్ కంపెనీ 1912లోనే తెచ్చినా, మన దగ్గర హ్యాండిలు తిప్పడం ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచింది. తిప్పడం తెలియని వాడు పట్టుకుంటే అది వెనక్కి తన్ని మణికట్టు విరగ్గొట్టేది. నంబరు ప్లేటు మీద ఏపీ 21 అని ఉంటే ఇక భూతద్దం లోపల పెట్టేయొచ్చు. ఆ బండి 1989 తర్వాతది, ఫొటో కూడా అంతే.

తెలుగువాళ్ల తొలి మోటార్ల గురించి పుస్తకం వేస్తే అట్ట మీద ఎప్పుడూ హైదరాబాదు నిజాం పసుపుపచ్చ రోల్స్ రాయిసే. చౌమహల్లా ప్యాలెస్‌లో చూశాను. అందమైన బండి, కాదనను. కానీ సింహాసనంలా కట్టించిన ఆ కారును గంటసేపు చూసినా మా ఊరి రోడ్డు గురించి ఒక్క ముక్క తెలియదు. మా రోడ్డు గురించి చెప్పేది బస్సు.

ఆళ్లగడ్డలో ఒకరింట్లో చూసిన ఫొటో చెబుతాను. కొయ్య బాడీ బస్సు, కిటికీలకు అద్దాల్లేవు, వానకు దించుకునే కాన్వాసు తెరలు చుట్టి కట్టేశారు. టాపు మీద మూటలు. వెనక నీళ్లు కాచుకునే బాయిలర్‌లాంటి నిలువు డ్రమ్ము, దాన్నుంచి బాడీ పక్కగా ముందుకు పోయిన గొట్టం. డ్రమ్ము పక్కన ముఖం నిండా మసితో పన్నెండేళ్ల పిల్లవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు రేషను పెట్టినప్పటి బొగ్గు బస్సు అది.

డ్రమ్ములో కట్టె బొగ్గు పోసి, గాలి చాలీచాలకుండా అందేట్టు మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దాన్ని చల్లార్చి, వడగట్టి ఇంజనులోకి పంపితే పెట్రోలుకు బదులు అదే మండుతుంది. బలం మాత్రం బాగా తగ్గుతుంది. నంద్యాలలో ఒక పాత మెకానిక్‌కు ఈ ఫొటో చూపిస్తే నవ్వాడు. "మా నాయన ఇట్లాంటి బస్సుకే క్లీనరు సార్. పొద్దున్నే అర్ధగంట సేపు ఫ్యాను తిప్పితే గానీ గ్యాసు పుట్టేది కాదంట. గిద్దలూరు ఘాటు ఎక్కాలంటే బస్సు ఎక్కినోళ్లంతా దిగల్ల. దిగి తోయల్ల." టికెట్టు డబ్బులు వెనక్కిచ్చేవాళ్లా అని అడిగాను. "యాడిస్తారు సార్!" అన్నాడు.

ఇంతకీ ఒక బస్సు ఫొటో ఇంటి ఆల్బమ్‌లోకి, పెళ్లి ఫొటోల మధ్యకు ఎలా వచ్చింది? అటు నిజాం రాజ్యంలో 1932లోనే రైల్వే శాఖ కింద సర్కారు బస్సులు మొదలయ్యాయి. ఇటు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మాకు బస్సంటే ఒక కుటుంబం ఆస్తి. పొలం అమ్మో అప్పు చేసో కొన్న బండి. కొత్త బస్సుకు గుడి ముందు నిమ్మకాయలు తొక్కించి, దండ వేసి, ఇంటిల్లిపాదీ పక్కన నిలబడి ఫొటో దిగేవాళ్లు. అట్ట కారులో కూర్చున్నవాళ్ల ముఖాల్లో సరదా కనిపిస్తుంది. బస్సు పక్కన నిలబడ్డ యజమాని ముఖంలో నాకు అప్పు కనిపిస్తుంది. నా ఊహే కావచ్చు.

ఆ బస్సుల కథ ఢిల్లీ దాకా పోయింది. మా నంద్యాల అప్పుడున్న కర్నూలు జిల్లా రూట్లను ఆర్టీసీకి అప్పగించే పథకం మీద ప్రైవేటు బస్సుల వాళ్లు కోర్టుకెక్కారు. రాజకీయ కక్షతో చేశారన్నది వాళ్ల వాదన. 1964లో సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి రాజీనామా చేశారు. ఆ జిల్లా బస్సుల గొడవలో కుర్చీ వదిలిన ఆయన్నే 1977లో నంద్యాల లోక్‌సభకు పంపింది. ఆ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తంలో జనతా పార్టీ గెలిచిన సీటు అదొక్కటే.

తర్వాతి కాలంలో రూట్లు ఆర్టీసీ చేతికొచ్చాయి. ఊరికి మేలే జరిగింది, బస్సు టైముకు రావడం మొదలైంది. ఆల్బమ్‌లలోంచి మాత్రం బస్సు మాయమైంది. సర్కారు బస్సు పక్కన నిలబడి ఎవరు ఫొటో దిగుతారు? ఆ చోటును అద్దెకు తెచ్చిన పెళ్లి అంబాసిడర్ ఆక్రమించింది.

ఇప్పుడు పిల్లలు ఈ ఫొటోలను ఫోనుతో తీసి, తాత ముఖం దాకా కోసి, రంగులద్ది వాట్సాప్‌లో పెడుతున్నారు. నంబరు ప్లేటు పోతుంది, డ్రమ్ము పోతుంది, మసి ముఖం పిల్లవాడు పోతాడు. మీ ఇంట్లో మోటారున్న ఫొటో ఉంటే నాలుగంచులూ వచ్చేట్టు స్కాన్ చేయించండి. నల్లకాగితానికి అంటుకున్నదాన్ని పీకకండి, పేజీతో సహా స్కాన్ చేయొచ్చు. వెనక వైపు మెత్తటి పెన్సిలుతో ఊరు, రూటు, మనుషుల పేర్లు రాయండి. పెన్ను వద్దు, సిరా ముందుకు దిగుతుంది. పేర్లు తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఆదివారమే అడగండి. డ్రైవరు పేరు, క్లీనరు పేరు కూడా.