కలంలో లేని రంగు

రేణిగుంటలో రైలెక్కితే మా ఏర్పేడు దాటిన కాసేపటికే శ్రీకాళహస్తి వస్తుంది. దిగేవాళ్లలో చాలామంది రాహుకేతు పూజకు వచ్చినవాళ్లే. పూజ ముగించుకుని మళ్లీ రైలెక్కేస్తారు. ఆ గుడి నీడలోనే పెరిగిన ఒక పనిని చూసి వెళ్లమని వాళ్లకు చెప్పాలనిపిస్తుంది నాకు. లోకమంతా కలంకారీ అంటున్న దానికి తెలుగులో పాతపేరు వ్రాతపని.

గుళ్లలో దేవుడి వెనకా, మండపాల్లోనూ వేలాడదీసే బట్టలివి. నడుమ పెద్దగా దేవుడో, పట్టాభిషేకమో ఉంటుంది. చుట్టూ అడ్డవరసల్లో కథ నడుస్తుంది, వరస వెంట తెలుగు అక్షరాల పట్టీ సాగుతుంది. దేవుళ్లకు నీలం, స్త్రీలకు పసుపు, రాక్షసులకు ఎరుపు, ఆకుపచ్చ. నూనెదీపపు వెలుతురులో దూరంగా నిలబడ్డ మనిషికి కూడా ఎవరెవరో తెలియాలనే కాబోలు.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది మాత్రం రంగు పుట్టే తీరు. ముతక నూలుబట్టను గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పిండి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. కొత్త బట్టకు ఆ పాలవాసన చాలారోజులు వదలదు కూడా. చింతబరికె కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. కలమంటే చెక్కిన వెదురుపుల్ల. మొనకు కాస్త పైన గుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగిస్తారు. వేళ్లతో నొక్కిన కొద్దీ రంగు మొనకు దిగుతుంది. ఇనుపముక్కలను బెల్లం నీళ్లలో వారాల తరబడి పులియబెడితే వచ్చే ద్రవం కసిం. కలంలో పల్చగా ఉండే ఆ నీళ్లు, బట్టలోని కరక్కాయ వగరు తగలగానే నల్లటి గీతవుతాయి.

ఎరుపు మరీ విచిత్రం. ఎరుపు కావలసిన చోట పూసేది పటిక నీళ్లు. తర్వాత బట్టను పారే నీళ్లలో ఉతికి, చిరువేరు, సూరుడుచెక్క వంటివి వేసిన కాగులో ఉడికిస్తారు. బట్టంతా ఎర్రనీళ్లలో మునిగినా పటిక పట్టిన చోటే ఎరుపు నిలుస్తుంది. మిగతా చోట్ల అంటిన ఎర్రజాడ పేడనీళ్లకూ ఎండకూ పోతుంది. చివర్లో కరక్కాయ పువ్వు పసుపు, నీలిమందు నీలం, ఆ రెండూ కలిసిన చోట ఆకుపచ్చ. పూర్తయిన బొమ్మ కాగు దిగేదాకా ఎక్కడా ఉండదు, గీసేవాడి మనసులో తప్ప.

ఈ రహస్యం కోసం యూరపు చాలా తిరిగింది. 1613లో డచ్ వాళ్లు మనకు దక్షిణాన ప్రళయకావేరిలో, అదే పులికాట్‌లో, కోట కట్టుకున్నది ప్రధానంగా ఈ తీరపు బట్టల కోసమే. కలంతో వేసిన అద్దకాన్ని వాళ్లు సిట్స్ అన్నారు. 1742లో కేర్దూ అనే ఫ్రెంచి పాద్రీ ఈ తీరపు పద్ధతంతా ఉత్తరంలో రాసి పంపాడు. తెలుగు నిఘంటువు కూర్చినవాడు కూడా ఆయనే.

ఇరవయ్యో శతాబ్దం నడిమికి శ్రీకాళహస్తిలో పని దాదాపు ఆగింది. కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది, జొన్నలగడ్డ లక్ష్మయ్య నేర్పారు. ఆయన కొడుకు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఆ కేంద్రమే లేకపోతే ఈ విద్యను మ్యూజియం అద్దాల వెనకే చూసేవాళ్లం.

ఇప్పుడు మెషిన్ మీద అచ్చేసిన పాలిస్టర్‌ను కూడా కలంకారీ అనే అమ్ముతున్నారు. అది నాకు బాధ. కొనేటప్పుడు గీత చూడండి. చేతిగీత ఒకచోట లావెక్కి ఒకచోట సన్నబడుతుంది, కలం మళ్లీ ముంచిన చోటు తెలుస్తుంది.

అంతకన్నా పెద్ద బాధ నీళ్లది. ఊరి పక్క స్వర్ణముఖి నదిలో ఏడాదిలో చాలా నెలలు ఇసకే. ఏరు పారుతుంటే అదనపు పటిక దానంతటదే కొట్టుకుపోతుంది. తొట్టిలో నిలిచిన నీళ్లలో అది తిరిగి బట్టకే అంటుతుంది. అప్పుడు కాగు దిగిన బట్ట మీద, ఎవరూ అనుకోని చోట ఎరుపు తేలుతుంది.