రెండున్నర డాలర్ల గళ్ల పుస్తకం

పని అడగడానికి వెళ్లే మనిషి చేతిలో ఏముండాలి? ఇదివరకు చేసిన పనులుంటే అవే చూపిస్తారు. ఏమీ చేయనివాళ్లు ఏం చూపించాలి? ఈ ప్రశ్నకు నేనెరిగిన జవాబుల్లోకెల్లా అందమైనది ఒక చిన్న గళ్ల నోటుపుస్తకం. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, యూనివర్సిటీ ఆర్ట్ అనే దుకాణంలో రెండున్నర డాలర్లకు కొన్నది. అందులో బొమ్మలు వేసినావిడ సూజన్ కేర్. 1984 జనవరిలో విడుదలైన మెకింటాష్ కంప్యూటర్‌కు ఆ నవ్వుముఖాన్నీ, చేతిగడియారాన్నీ, రంగు ఒలికే బకెట్టునూ ఇచ్చింది ఆవిడే.

1982 నాటికి ఆవిడకు కంప్యూటర్ బొమ్మల్లో ఓనమాలు కూడా తెలియవు. న్యూయార్క్ యూనివర్సిటీలో 1978లో డాక్టరేట్ చేశారు. పరిశోధన విషయం శిల్పాల్లో వ్యంగ్యరూపం. ఆర్కన్సా రాష్ట్రంలోని ఒక మ్యూజియం కోసం ఉక్కుతో నిలువెత్తు అడవిపందిని వెల్డింగ్ చేస్తుండగా ఆండీ హెర్ట్స్‌ఫెల్డ్ నుంచి ఫోన్ వచ్చింది. అతను హైస్కూలు నాటి స్నేహితుడు, ఆపిల్ కంపెనీలో మెకింటాష్‌కు ప్రోగ్రాములు రాస్తున్నవాడు. తెర మీదికి కొన్ని బొమ్మలు, కొన్ని అక్షరాలు కావాలన్నాడు. ప్రతిఫలంగా ఒక ఆపిల్ టూ కంప్యూటర్ ఇస్తామన్నాడు. దొరికినంతలో అతి సన్నటి గళ్లున్న గ్రాఫ్ పుస్తకం కొనుక్కో, అడ్డం 32 గళ్లు, నిలువు 32 గళ్లు తీసుకుని అందులో బొమ్మ వెయ్యి అని చెప్పాడు.

ఆ కొలత ఎంత ఇరుకైనదో ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. 32ను 32తో గుణిస్తే 1024 గళ్లు. ఒక్కో గడి నల్లగా అయినా ఉండాలి, తెల్లగా అయినా ఉండాలి. నడుమ బూడిద రంగు లేదు. మొత్తం బొమ్మ కంప్యూటర్ జ్ఞాపకంలో పట్టే చోటు 128 బైట్లు. ఆ మెకింటాష్ తెర మీద అంగుళానికి 72 చుక్కలు. అంటే పుస్తకంలో అంత ఓపికగా నింపిన బొమ్మ తెర మీద అర అంగుళం కూడా ఉండదు. అంత చోటులో, ఎన్నడూ కంప్యూటర్ ముట్టుకోని మనిషికి కూడా చూడగానే తెలిసేట్టు ఒక పనిని చెప్పాలి.

ఆవిడ ఎంచుకున్న బొమ్మలు చూడండి. ‘కట్’ అనే ఆదేశానికి కత్తెర. ‘పేస్ట్’కు ఒక వేలు. మెక్‌పెయింట్ అనే బొమ్మల ప్రోగ్రాముకు కుంచె. మూడూ ఇంట్లోనో ఒంటి మీదనో ఉండేవే. కాగితం మీద కత్తెర గీయమంటే ఎవరైనా గీస్తారు. గళ్లలో గీయడం వేరు. అలుగు ఏటవాలుగా పోవాలి, కానీ గడికి ఏటవాలు లేదు. మెట్లుమెట్లుగా పేర్చి దూరం నుంచి చూసేవాడి కంటికి తిన్నని గీత అనిపించాలి. వేళ్లు దూర్చే పిడి గుండ్రంగా ఉండాలి, కానీ గడికి వంపు లేదు. మూలల్లో ఏ గడిని వదిలేస్తే గుండ్రం వస్తుందో వెతకాలి. ఒక్క గడి ఎక్కువైతే పిడి మూసుకుపోతుంది, ఒక్కటి తక్కువైతే తెగిపోతుంది. ఈ పనిలో నింపిన గడికి ఎంత విలువో, ఖాళీగా ఉంచిన గడికీ అంతే విలువ.

అనుభవం లేదన్నాం గాని, ఆవిడ ఒట్టి చేతులతో రాలేదు. చిన్నప్పుడు తల్లి దారాలు లెక్కపెట్టి కుట్టే కుట్టుపని నేర్పారు. రంగురాళ్లు పొదిగిన మొజాయిక్‌లు, చుక్కలతో వేసిన చిత్రాలు కళాచరిత్ర చదువులో పరిచయమైనవే. ఇంటి ముందు చుక్కలు పెట్టి ముగ్గు కలిపిన చేతికి గళ్ల కాగితం ఎంత దగ్గరో, ఆవిడకూ అది అంత దగ్గరైంది. పాత విద్యను కొత్త కొలతలోకి ఒంచడం, అదీ ఆవిడ చేసిన పని.

తరవాత ఆ మెకింటాష్ బృందంలోనే గడువు పెట్టిన పార్ట్‌టైమ్ పని కోసం ఇంటర్వ్యూకు వెళ్లారు. పాలో ఆల్టో పబ్లిక్ లైబ్రరీ నుంచి అక్షరరూపాల మీద పుస్తకాలు తెచ్చుకుని వెంట తీసుకెళ్లారు. వాటితో పాటే నోటుపుస్తకం. 1983 జనవరిలో చేరారు. విజిటింగ్ కార్డు మీద ‘మెకింటాష్ ఆర్టిస్ట్’ అని వేయించుకున్నారు.

ఈ నోటుపుస్తకాన్ని పోర్ట్‌ఫోలియోగా చూస్తే దాని గొప్పతనం మూడు చోట్ల కనిపిస్తుంది. ఒకటి, కొలత. తనకు చేతనైన పెద్ద చిత్రాలు కాక, పని ఇచ్చేవాళ్లకు అవసరమైన 32 గళ్లలోనే వేశారు. రెండు, అవసరం. ఇంకా తయారవుతున్న కంప్యూటర్‌లో నిజంగా ఉండబోయే ఆదేశాలకే బొమ్మలు వేశారు. మూడు, చూపగానే తేలిపోవడం. కత్తెర కత్తెరలా ఉందో లేదో ఎవరికైనా తెలుస్తుంది, సిఫారసు ఉత్తరంతో పని లేదు. గతంలో ఏం చేశావన్న ప్రశ్నకు రేపు ఏం చేయగలనో చూపించి జవాబు చెప్పిన పుస్తకమది.

చేరాక కూడా పట్టు అదే. ఆవిడ మెకింటాష్ కోసం చేసిన ‘షికాగో’ అనే అక్షరరూపాలను దగ్గరగా చూస్తే నిలువు, అడ్డం, 45 డిగ్రీల ఏటవాలు గీతలే కనిపిస్తాయి. మిగతా వాలులు మెట్లుగా విరిగి కంటికి గరుకుగా తగులుతాయి కనుక వాటి జోలికి పోలేదు. నిలువు గీత మందం రెండు చుక్కలు. అందువల్లే మెనూలో పనిచేయని ఆదేశాన్ని మసకగా చూపడానికి చుక్క విడిచి చుక్క చెరిపినా అక్షరం చదవడానికి మిగిలింది. 2001లో వచ్చిన ఐపాడ్ తెర మీద కూడా ఆ అక్షరాలే. ఒక ఇరుకులో శ్రద్ధగా తేల్చుకున్న రూపం మరో ఇరుకులో చెక్కుచెదరకుండా నిలిచింది.

ఆపిల్ వదిలాక నెక్స్ట్ కంపెనీకి, ఆ తరవాత సొంత డిజైన్ పనికి మళ్లారు. 1990లో విండోస్ 3.0తో వచ్చిన సాలిటేర్ పేకముక్కలు ఆవిడ చేతివే. మన ఆఫీసుల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో మౌసు పట్టుకోవడం ఆ ముక్కలు జరుపుతూ నేర్చుకున్నవాళ్లు ఎందరో. ఆ గళ్ల కాగితాల బొమ్మలను న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం 2015లో ప్రదర్శించింది. 2018లో అమెరికా డిజైనర్ల సంస్థ ఏఐజీఏ ఆవిడకు తన పతకం ఇచ్చింది.

ఫ్రీలాన్స్ పనికి ఇప్పుడే దిగుతున్న మన పిల్లలకు ఈ పుస్తకం నేరుగా పనికొస్తుంది. వెబ్ డిజైన్ చేయాలనుకునేవారు ఊహల్లోని కంపెనీకి హంగుల పేజీ కట్టేకంటే, వీధి చివరి టిఫిన్ సెంటర్ మెనూను చిన్న ఫోన్ తెర మీద, నాసి సిగ్నల్‌లో కూడా ఇట్టే తెరుచుకునేట్టు చేసి చూపవచ్చు. అనువాదం చేయాలనుకునేవారు మందుల డబ్బాలోని ఇంగ్లిషు చీటీని, పదో తరగతి చదివిన మనిషి తడుముకోకుండా చదివేంత తేట తెలుగులోకి తేవచ్చు. ఇది నేను సొంతంగా చేసిన అభ్యాసం అని కింద రాసుకోవాలి, ఎవరో పని ఇచ్చినట్టు చెప్పుకోకూడదు. ఏ కొలతలో చేశారో, దేన్ని ఎందుకు వదిలేశారో రెండు వాక్యాలు చేర్చాలి. ఇరవై నాసి నమూనాలకంటే, చివరి గడి దాకా ఆలోచించి చేసిన మూడు చాలు.

అవకాశం ఇంకొకరు ఇవ్వాలి, నిజమే. కానీ ఇవ్వబోయే పనిని ముందుగా అర్థం చేసుకుని, దాని ఇరుకులోనే కూర్చుని, చేసి చూపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అలా చేసినవాళ్లను అనుభవం లేనివాళ్లని అనడం న్యాయం కాదు. ఆ పనిలో వాళ్ల అనుభవం అప్పటికే మొదలైంది.