గాడిపొయ్యి దగ్గర బాబాయి

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. మా బాబాయి ఆ మాట ఒప్పుకునేవాడు కాదు. అది ఇంట్లో గిన్నెకి సరిపోయే సామెత అనేవాడు. ఐదు వందల మందికి గుండిగ ఎక్కించినప్పుడు అడుగున ఒక మెతుకు, నడుమ ఒకటి, అంచు దగ్గర ఒకటి పట్టి చూడాలి. మూడూ మూడు రకాలుగా చెబుతాయి. అడుగుది మెత్తబడిపోతుంటే పైది ఇంకా పలుకు మీదే ఉంటుంది. ఏ మెతుకు మాట విని గంజి వార్చాలో తెలియాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, లోపల తెల్లటి నలక ఇంకా కనబడుతుండగానే "ఇక దింపండ్రా" అనేవాడు. గుండిగ నేలకి దిగాక కూడా దాని వేడి చాలాసేపు అన్నాన్ని ఉడికిస్తూనే ఉంటుంది మరి.

కోనసీమలో పెళ్ళిళ్ళకీ ఒడుగులకీ గృహప్రవేశాలకీ వండి సంసారం ఈదినవాడు మా బాబాయి. మా నాన్నకి ఆఖరి తమ్ముడు. చదువు అబ్బక గరిటె పట్టాడని చుట్టాలు అనేవారు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది. పెళ్ళివారు వచ్చి అరుగు మీద కూర్చుంటే, కాగితం కలం లేకుండా సరుకుల చిట్టా అప్పజెప్పేవాడు. వంద మందికి పన్నెండు కిలోల బియ్యం, పొలం పనులు చేసుకునే ఊరైతే పదిహేను. పూర్ణానికి శనగపప్పు ఎంతో బెల్లం అంత. బూరెల తోపుకి మినప్పప్పు ఒక వంతు, బియ్యం రెండు వంతులు.

ఈ లెక్కలు ఎవరైనా బట్టీ పట్టొచ్చు. గుణకారానికి లొంగని వాటి దగ్గరే బాబాయి పనితనం తెలిసేది. నలుగురికి పెట్టే పులుసుని నూట పాతిక రెట్లు చేస్తే ఐదు వందల మందికి సరిపడే పులుసు రాదు. చిన్న గిన్నెలో నీళ్ళు ఇట్టే ఇగిరిపోతాయి, గంగాళంలో అంత తేలిగ్గా ఇగరవు. ఇంటి లెక్కన పోస్తే పులుసు చారవుతుంది. నీళ్ళు తగ్గిస్తే చింతపండూ ఉప్పూ కారమూ మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి. పోనీ రుచి చూసి సరిచేద్దామా అంటే దేవుడికి నైవేద్యం పెట్టేదాకా ఎంగిలి తగలకూడదు. ఆవిరి పీల్చి ఉప్పు చెప్పేస్తాడని ఊళ్ళో జనం గొప్పగా చెప్పుకునేవారు. ఉప్పుకి వాసనెక్కడిది? దోసిలే ఆయన తక్కెడ. కల్లుప్పు దోసిట్లోకి తీసుకుని, ఒక్క క్షణం ఆగి, కాస్త మళ్ళీ డబ్బాలోకి రాల్చి, మిగతాది గంగాళంలో వేసేవాడు. ఎంత రాల్చాలో నాకు చెప్పాలని చాలాసార్లు ప్రయత్నించాడు. ఆయన చేతికి తెలిసింది నోటితో చెప్పలేకపోయేవాడు.

మాఘమాసం పెళ్ళిళ్ళంటే లేత పనసకాయలు దిగేవి. చేతులకీ కత్తికీ నూనె రాసుకుని కూర్చునేవాడు బాబాయి. పనసపాలు అంటుకుంటే ఓ పట్టాన వదలవు. చెక్కు తీసిన కాయని ఎడమచేత్తో తిప్పుతూ కుడిచేత్తో కొడుతుంటే పొట్టు సన్నగా, ఒకే తీరున రాలేది. పసుపూ ఉప్పూ వేసి ఉడికించి, గుడ్డలో పిండి, ఇంగువ పోపులో వేసి చింతపండు గుజ్జు పట్టించేవాడు. ఆవ సంగతి మాత్రం ఎవరికీ వదిలేవాడు కాదు. ఆవాలూ ఎండుమిరపకాయలూ చన్నీళ్ళు చిలకరిస్తూ రుబ్బించి, కూర పొయ్యి మీంచి దింపి, వేడి తగ్గాకే కలిపేవాడు. ఆవకి ఘాటు పుట్టేది చన్నీళ్ళతో నలిగినప్పుడు, చచ్చేది సెగ తగిలినప్పుడు. ఇప్పుడు చాలా విందుల్లో పనసపొట్టు కూర పేరుకే ఉంటోంది. పొయ్యి మీద ఉండగానే ఆవ వేసేస్తున్నారు, ముక్కుకి ఎక్కాల్సింది నాలుక మీద చేదుగా మిగులుతోంది.

ఒక పెళ్ళిలో మగపెళ్ళివారు చెప్పినదానికంటే బాగా ఎక్కువమంది దిగారు. ఆడపెళ్ళివారి పెద్దాయన పరుగున వచ్చి, "పప్పులో రెండు బిందెలు పొయ్యండి బాబూ, గండం గడిచిపోతుంది" అన్నాడు. బాబాయి ఒప్పుకోలేదు. కందిపప్పు మళ్ళీ ఎక్కిస్తే ఆలస్యమని పెసరపప్పు ఎక్కించి, పెరట్లో చెట్టు నుంచి పుల్లమామిడికాయలు కోయించాడు. అది ఉడికేలోగా బంతిలో బూరెలూ పులిహోరా ముందు వడ్డించమని కుర్రాళ్ళని పురమాయించాడు. "పలచన చేస్తే అందరికీ అన్యాయం చేసినట్టు. కొత్తగా వండితే కాస్త ఆలస్యం, అంతేకదండీ" అన్నాడు పెద్దాయనతో. ఆ రోజు భోజనం చేసినవాళ్ళెవరికీ ఈ సంగతి తెలియదు.

ముహూర్తాలున్నంత కాలమే వంటవాడికి చేతినిండా పని. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం రోజులు ఖాళీ. అప్పుడు తద్దినాలకి వెళ్ళేవాడు, వేసవిలో ఇళ్ళకెళ్ళి ఆవకాయలు కలిపిచ్చేవాడు, అవీ లేకపోతే కిరాణా కొట్లో ఖాతా పెరిగేది. ముంజేతుల మీద వెంట్రుకలుండేవి కావు, గాడిపొయ్యి సెగకి కాలిపోయేవి. ఏళ్ళ తరబడి సరుగుడు కట్టెల పొగ పీల్చి, చివరి రోజుల్లో దగ్గుతోనే తెల్లవారేది. అందుకే గాడిపొయ్యి పోయి గ్యాసు వచ్చిందని నేను బాధపడను. అది ముందే వచ్చుంటే బాగుండేదనుకుంటాను.

అన్నం పెట్టే మాట వస్తే మా వైపు అందరూ ముందు తలుచుకునేది అన్నదానానికి పేరుపొందిన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారిని. ఆవిడ 1909లో కన్నుమూశారు. వైనతేయ నది మీద కట్టిన అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆవిడ పేరే పెట్టారు. వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా పొయ్యి వెలిగించి పెట్టిన తల్లికి ఎంత గౌరవం చేసినా తక్కువే. గన్నవరం మీదుగా వెళ్ళినప్పుడల్లా బాబాయి బస్సులోంచే దణ్ణం పెట్టేవాడు. "ఆవిడ పుణ్యానికి పెట్టింది. మనం డబ్బులకి వండేవాళ్ళం. ఆవిడ కాలిగోటికి చాలంరా" అనేవాడు. ఇందులో బాబాయితో నేను ఏకీభవించను. డబ్బులు తీసుకున్నాడు, నిజమే. పప్పులో నీళ్ళు పోయనన్నది డబ్బుల కోసం కాదు కదా!

బంతి లేచేటప్పుడు తిన్నవాళ్ళు "అన్నదాతా సుఖీభవ" అని గృహస్థుని దీవించి వెళతారు. వంటవాళ్ళు వెనక పాక దగ్గర చివర్న కూర్చుంటారు. పొగకీ వాసనకీ ఆకలి సగం చచ్చి ఉంటుంది, బూరెలు అప్పటికే అయిపోయి ఉంటాయి. బాబాయి ఇంటికొచ్చాక పిన్ని "ఏం తిన్నారు?" అని అడిగితే, చాలాసార్లు మజ్జిగన్నమూ ఊరమిరపకాయా అనే చెప్పేవాడు. ఇప్పుడు క్యాటరింగు వచ్చింది, ప్లేటు లెక్క వచ్చింది, వంటవాళ్ళు చివర్న తినడం మాత్రం పెద్దగా మారలేదు.

మీ ఇంట్లో పెళ్ళి ఉంటే, భోజనాలకి ఎంతమందో లెక్క వేసేటప్పుడు వంటవాళ్ళనీ వడ్డించేవాళ్ళనీ అందులో కలపండి. మిగిలింది తిననివ్వకండి. ఆకు వేసి, కూర్చోబెట్టి, అన్నీ ఉండగానే మీ చేత్తో వడ్డించండి.