దోరగా వేగితేనే పొడి

కందిపొడి కుదరలేదంటే తప్పు చాలాసార్లు మిక్సీది కాదు, పొయ్యి దగ్గరి తొందరది. పప్పు మాడి ఉంటుంది, లేదా లోపల పచ్చిగా మిగిలిపోయి ఉంటుంది. మాడితే వాసనే చెప్పేస్తుంది. పచ్చి మిగిలితే ఆ రోజు ఏమీ తెలియదు. తర్వాత అన్నంలో ఎంత నెయ్యి వేసుకున్నా ముద్ద నాలుకకు పిండి పిండిగా తగులుతుంది, కొన్నాళ్లకే సీసా మూత తీయగానే ముక్కవాసన మొదలవుతుంది.

మసాలా పొడులంటే లవంగాలు, యాలకులు, దాల్చినచెక్క అనే అనుకుంటాం. తెలుగిళ్ల పొడుల్లో సగం కూరలో వేసేవే కావు, నేరుగా అన్నంలో కలుపుకునేవి. కందిపొడీ పచ్చిపులుసూ ఉంటే ఆ పూటకు ఇంకో కూర అక్కర్లేదు. రాయలసీమలో ఉగ్గానికి రుచి తెచ్చేది పుట్నాలతో చేసిన పప్పుల పొడి. తెలంగాణలో నువ్వుల పొడి, పల్లి పొడి, ఎల్లిపాయ కారం పళ్లెంలో ఓ పక్కన ఉండాల్సిందే. కోస్తాలో ఇడ్లీకి నల్లకారం, జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నవాళ్లకు కరివేపాకు పొడి, బాలింతకు మొదటి ముద్దలో నెయ్యితో శొంఠిపొడి. వీటిని మసాలాలు అనడం కన్నా వంటలు అనడమే సబబు. అందుకే వీటి పనితనం కూడా గరం మసాలా పనితనం కాదు.

కందిపొడినే దగ్గరగా చూద్దాం. గ్లాసు కందిపప్పుకు అరగ్లాసు శనగపప్పు, పావు గ్లాసు పెసరపప్పు, పదిహేను ఇరవై ఎండుమిరపకాయలు, రెండు చెంచాల జీలకర్ర, తగినంత ఉప్పు, కాస్త ఇంగువ. ఇది ఒక ఇంటి లెక్క, పక్కింటి లెక్క వేరుగా ఉంటుంది. అన్నీ ఒకేసారి మూకుట్లో పోసి వేయించేవాళ్లున్నారు. అది కుదరని పని. శనగపప్పు బద్ద లావు, వేగడానికి చాలాసేపు పడుతుంది. అది వేగేలోపు పెసరపప్పు నల్లబడుతుంది. ఏ పప్పుకు ఆ పప్పు విడిగా వేగాలి.

అడుగు మందంగా ఉన్న మూకుడు, చిన్న మంట. ముందు కందిపప్పు ఒక్కటే. అట్లకాడ ఆగకూడదు. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ జరుగుతున్నట్టే ఉండదు, సరిగ్గా అప్పుడే చాలామంది చెయ్యి స్టవ్ మీదికి పోతుంది. మంట పెంచితే బద్ద పైపైన ఎర్రబడుతుంది, లోపలి తేమ లోపలే ఉంటుంది. ఓపిక పడితే పసుపు మెల్లగా లేత ఎరుపుకు తిరుగుతుంది. చప్పుడు కూడా మారుతుంది: బరువుగా కదిలే పప్పు తేలికపడి గలగలమంటుంది. అప్పుడొక బద్ద తీసి, చల్లారాక పంటి కింద పెట్టండి. పటుక్కున విరగాలి, పళ్లకు అంటకూడదు. ఈ పరీక్ష ముందు గడియారం చూసి చెప్పే లెక్కలేవీ నిలవవు.

పప్పులయ్యాక చుక్క నూనెలో ఎండుమిర్చి. ఆ చుక్క లేకపోతే ఇల్లంతా దగ్గు. ఇంగువ ముద్దగా ఉంటే అదే నూనెలో పొంగనివ్వాలి. రాళ్ల ఉప్పు అయితే దాన్నీ వేడి మూకుట్లో ఓసారి తిప్పి తేమ పోగొట్టాలి. జీలకర్ర అన్నిటికన్నా చివర, స్టవ్ ఆపేశాక. మూకుడులో మిగిలిన వేడి దానికి చాలు.

జీలకర్రకు ఈ ప్రత్యేక మర్యాద ఎందుకంటే, దాని వాసనంతా ఇట్టే ఆవిరైపోయే నూనెల్లో ఉంటుంది. ధనియాలు, యాలకులు, లవంగాలు కూడా అంతే. వేడి ఎక్కువైతే ఆ నూనెలు గాల్లో కలిసిపోతాయి. వంటిల్లంతా ఘుమఘుమలాడుతోందంటే సంతోషించాల్సిన పని లేదు, సీసాలోకి వెళ్లాల్సిన వాసన కిటికీలోంచి పోతోందన్నమాట. పప్పు సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వేడి తగిలితేనే దాని తేమా పచ్చిరుచీ పోతాయి, కొత్త కమ్మదనం పుడుతుంది. ఒకదానికి వేడి ప్రాణం, ఇంకోదానికి శత్రువు. ఈ రెంటినీ ఒకే మూకుట్లో సర్దడమే పొడి చేయడంలోని విద్య అంతా. కొలతలు ఎవరైనా చెబుతారు.

మెంతులు మధ్యరకం. సరిగ్గా ఎర్రబడితే చేదు మెత్తబడి మంచి వాసన వస్తుంది, ఒక్క నిమిషం ఏమరితే సాంబారు పొడి మొత్తం చేదు. గ్లాసు ధనియాలకు అరచెంచా మెంతులు చాలనడం అందుకే. నువ్వులది ఇంకో పేచీ. గింజలో దాదాపు సగం నూనే కాబట్టి మిక్సీ ఆపకుండా తిప్పితే పొడి కాదు, ముద్ద వస్తుంది. ఆపి ఆపి తిప్పాలి. కరివేపాకును కడిగి, బట్ట మీద నీడలో ఆరబెట్టి, గలగలలాడేదాకా వేయించాలి. ఎండలో పెడితే రంగు పోతుంది.

ఏది వేయించినా పూర్తిగా చల్లారాకే మిక్సీలో వెయ్యాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై పొడిలోకి దిగుతుంది, ఉండలు కట్టి బూజు పట్టేది అలాంటి పొడే. ముందు మిర్చి, ఉప్పు, జీలకర్ర మెత్తగా పట్టి, తర్వాత పప్పులు వేసి బరకగా ఆపేయాలి. అన్నీ కలిపి వేస్తే మిరప తొక్కలు నలగవు. రోట్లో దంచినదాని రుచే వేరంటారు. నిజమే, రోకలిపోటుకు దినుసు అంతగా వేడెక్కదు. అలాగని మిక్సీని ఆడిపోసుకోవడం నాకు నచ్చదు. రోలు దగ్గర గంటలకొద్దీ వంగిన నడుములు ఎవరివో మనకు తెలుసు.

గరం మసాలా జోలికి వస్తే, దాన్ని దాదాపు వేయించకూడదనే చెబుతాను. ఎండలో పెట్టినా, వేడి మూకుట్లో ఒక తిప్పు తిప్పినా చాలు. హైదరాబాదు నిహారీలో వాడే పొట్లీ మసాలాకైతే పొడి చేయడమే ఉండదు. దినుసులను పల్చటి గుడ్డలో మూటగట్టి ఉడికేదాంట్లో వేస్తారు, పని అయ్యాక మూట తీసేస్తారు.

కారం సంగతి వేరే కథ. మిరప మన నేలది కాదు, పోర్చుగీసు వర్తకులతో 16వ శతాబ్దంలో వచ్చింది. అంతకుముందు ఘాటుకు మిరియాలు, పిప్పళ్లే దిక్కు. ఇప్పుడు గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉంది, 2025లో వరంగల్ చపాటా మిర్చికీ వచ్చింది. సన్నం ఘాటుకు, చపాటా రంగుకు. రెండూ కలిపి మర పట్టిస్తే కంటికీ నోటికీ సరిపోతుంది. ఊరగాయకు ఒట్టి కారం, కూరలకు ధనియాలు, జీలకర్ర, మెంతులు, వెల్లుల్లి కలిపిన సంబారు కారం విడిగా చేసుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

కొన్న పొడుల మీద అనుమానం ఊరికే రాలేదు. 2024 ఏప్రిల్‌లో మన దేశపు మసాలా పొడులు కొన్నిటిని ఇథిలీన్ ఆక్సైడ్ అనే రసాయనం ఉందని హాంకాంగ్, సింగపూర్ అమ్మకాల నుంచి ఆపించాయి. కారంలో కృత్రిమ రంగు కలిపారేమో చూడాలంటే గ్లాసు నీళ్ల మీద చిటికెడు చల్లండి, నీళ్లలో కలిసే రంగైతే ఎర్రటి చారలుగా కిందికి దిగుతుంది. ఇంట్లో చేస్తే రంగుల భయం ఉండదు. కానీ కాయ మీద కొట్టిన పురుగుమందు ఇంట్లో దంచినంత మాత్రాన పోదు, ఆ భ్రమ వద్దు. నన్ను అడిగితే ఇంటి పొడికి పెద్ద కారణం ఆరోగ్యం కూడా కాదు, రుచుల తేడా. ఒకే ప్యాకెట్టు మసాలా గుత్తివంకాయలోనూ, బంగాళాదుంపలోనూ, కోడికూరలోనూ పడుతుంటే మూడు వంటలు చేసీ ఒకే కూర తిన్నట్టు.

చేసుకునేవాళ్లు కొద్దికొద్దిగా చేసుకోండి. నువ్వులు, కొబ్బరి, వెల్లుల్లి పడ్డవి త్వరగా పాడవుతాయి కాబట్టి రెండు వారాలకు సరిపడా చాలు. పప్పు పొడులు నెల దాటినా నిలుస్తాయి. గాజు సీసా, పొడి చెంచా, వెలుతురు తగలని అర.

అమెరికా వెళ్లే పిల్లలకు కిలోలకొద్దీ కట్టివ్వడం మన అలవాటు. పప్పులూ మిర్చీ అక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి, నెలల తరబడి డబ్బాలో మగ్గే పొడికన్నా అక్కడే నెలకోసారి వేయించుకున్నది మేలు. ఒక్క జాగ్రత్త: కరెంటు కాయిల్ పొయ్యి ఆపినా వేడి వెంటనే తగ్గదు. జీలకర్ర వేసేముందు మూకుడు దించి పక్కన పెట్టుకోమనండి.