ఏప్రిల్‌లో వంద పేజీలు

ముప్ఫై రోజుల్లో ఒక సినిమా స్క్రిప్టు. బహుమతి లేదు, జడ్జీలు లేరు. పూర్తిచేసిన ప్రతివాళ్లూ గెలిచినట్టే, చేతికొచ్చేది ఒక సర్టిఫికెట్టు. ‘స్క్రిప్ట్ ఫ్రెంజీ’ అనే ఈ పందెం అమెరికాలో 2007 నుంచి 2012 దాకా ఏటా నడిచింది. దీని అన్నగారు ‘నానోరైమో’ పేరు చాలామంది వినే ఉంటారు. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ అనే యువకుడు, మరో ఇరవై మంది కలిసి సరదాకి మొదలుపెట్టిన నెల రోజుల నవలా పందెం అది. ఆ సరదా తరవాత దేశదేశాలకు పాకింది. తమ్ముడికి అంత పేరు రాలేదు, ఆరేళ్లకే ఆగిపోయాడు. 2025లో అన్నగారూ దుకాణం కట్టేశారు.

ఆగిపోయిన పందేన్ని ఇప్పుడు తవ్వి తీయడానికి కారణం దాని నిబంధనల్లో జరిగిన ఒక చిన్న దిద్దుబాటు. మొదటి ఏడు పందెం జూన్‌లో జరిగింది. లక్ష్యం 20,000 పదాలు. దీన్ని నడిపిందీ నవలకు 50,000 పదాలు పెట్టినవాళ్లే కాబట్టి స్క్రిప్టుకీ అదే తూకంరాయి వాడారు. మరుసటేడు పందేన్ని ఏప్రిల్‌కి మార్చి, లక్ష్యాన్ని 100 పేజీలు చేశారు. నెల మారడం పెద్ద సంగతి కాదు, అటూ ఇటూ ముప్ఫై రోజులే. పదాలు పోయి పేజీలు రావడంలో మాత్రం ఈ విద్య తెలిసినవాళ్ల చెయ్యి కనబడుతుంది.

ఎందుకో చెప్తాను. నవలాకారుడి చేతిలో ఉన్నది పదమే కాబట్టి నవలని పదాలతో కొలవొచ్చు. పదేళ్ల కిందట పొలం పంపకాల్లో తమ్ముడు విసిరిన ఒక మాట అన్న మనసులో ఇంకా ఎలా సలుపుతోందో నవలలో నాలుగు పేజీలు రాసుకోవచ్చు, బాగా రాస్తే అవే నవలకి ప్రాణం కావచ్చు. ఆ నాలుగు పేజీల్లో కెమెరాకి పనికొచ్చే ముక్క ఒక్కటీ ఉండదు. స్క్రిప్టు రాసేవాడు ఆ కోపాన్ని కంటికి కనిపించేలా చెయ్యాలి:

తమ్ముడు అరుగు మీద కూచుని ఉంటాడు. అన్న రెండు కాఫీ గ్లాసులతో బయటికొస్తాడు. తమ్ముడు చెయ్యి చాస్తాడు. అన్న గ్లాసు చేతికివ్వడు. పక్కన అరుగు మీద పెట్టి, తనది తీసుకుని లోపలికెళ్తాడు.

ఇరవై మూడు మాటలు. పదేళ్ల కోపం, ఇంకా తెగిపోని బంధుత్వం రెండూ ఇందులోనే ఉన్నాయి, ఎందుకంటే కాఫీ అయితే పెట్టాడు కదా. పదాలు లెక్కపెట్టే పందెంలో ఇలా రాసినవాడు వెనకబడతాడు. ‘అన్న మొహంలో ఏళ్ల తరబడి గూడుకట్టుకున్న ఆవేదన’ అని రాసినవాడు ముందుకెళ్తాడు. అంటే మొదటి ఏడాది నిబంధన తెలియకుండానే చెడ్డ స్క్రిప్టుకి కూలి ఇచ్చింది. స్క్రిప్టులో నేర్పంతా ఏది రాయకూడదో తెలియడంలో ఉంది. అలాంటప్పుడు ఎక్కువ రాసినవాడికి మెచ్చుకోలు ఏమిటి?

పేజీ సంగతి వేరు. అమెరికన్ స్క్రిప్టు పేజీకి చాలాకాలంగా ఒక కట్టుబాటు ఉంది. కొరియర్ అక్షరం, పన్నెండు పాయింట్లు. టైప్‌రైటర్ల నాటి అక్షరం కాబట్టి సన్నదైనా లావుదైనా ప్రతి అక్షరానికీ ఒకటే వెడల్పు, అంగుళానికి పది. నిలువునా అంగుళానికి ఆరు లైన్లు. ఎడమవైపు ఒకటిన్నర అంగుళం ఖాళీ, అక్కడే బెజ్జాలు కొట్టి ఇత్తడి పిన్నులు గుచ్చుతారు. డైలాగు పేజీ వెడల్పంతా పరుచుకోదు, మధ్యలో మూడున్నర అంగుళాల సన్నటి పట్టీలో సర్దుకుంటుంది. ఈ కొలతలన్నీ పాటిస్తే సగటున ఒక పేజీ తెరమీద ఒక నిమిషం. వంద పేజీలంటే గంటా నలభై నిమిషాల సినిమా. నిర్మాత స్క్రిప్టుని చదవకుండానే చివరి పేజీ నంబరు చూసి నిడివి చెప్పగలడు. (చదవకుండా చెప్పగలగడం నిర్మాతలకు ఎంత ఇష్టమైన సంగతో వేరే చెప్పక్కర్లేదు.)

మరి పేజీని మోసం చెయ్యలేమా? చెయ్యొచ్చు. ఒక పేజీకి దాదాపు యాభై అయిదు లైన్లు. పాత్ర పేరుకి ఒక లైను, మాటకి ఒక లైను, కింద ఒక ఖాళీ లైను. ‘ఏంటి?’, ‘ఏం లేదు’, ‘చెప్పు’, ‘ఏం లేదన్నానా’ అంటూ పద్దెనిమిది సార్లు అటూ ఇటూ తిప్పితే పేజీ నిండిపోతుంది. రాసింది ముప్ఫై మాటలు మించదు. పదాల పందెంలో ఇది దండగ, పేజీల పందెంలో ఒక పేజీ. అయితే ఇద్దరు మనుషులు అలా మాటలు విసురుకుంటే, మధ్యలో చూపులూ మౌనాలూ కలుపుకుని, తెరమీద కూడా దగ్గర దగ్గర నిమిషం పడుతుంది. మోసం చేద్దామని కూచున్నవాడు కూడా సినిమాకి కొంత నిడివి సంపాదించే లేస్తాడు. ఈ కొలతలో నాకు బాగా నచ్చింది ఇదే.

రోజుల లెక్క కూడా కథ నడకతో కలిసొచ్చింది. వంద పేజీలని ముప్ఫైతో భాగిస్తే రోజుకి మూడూ మూడో వంతు. సిడ్ ఫీల్డ్ 1979లో అచ్చువేసిన ‘స్క్రీన్‌ప్లే’ పుస్తకం దగ్గర్నుంచీ హాలీవుడ్‌లో కథని మూడు అంకాలుగా కోసి చూడటం అలవాటు: మొదటి పావువంతు ఎత్తుగడ, నడిమి సగం ఘర్షణ, చివరి పావు ముగింపు. దాన్ని ఏప్రిల్ మీద పరిస్తే ఎనిమిదో తేదీకి కథానాయకుడు వెనక్కి తిరగలేని చోటికి వచ్చి తీరాలి. పదిహేనో తేదీకి కథ నడుమ మలుపు. ఇరవై మూడో తేదీకి అంతా చెయ్యిజారిపోయినట్టు కనబడాలి. అప్పటికి రాసేవాడి పరిస్థితీ అలాగే ఉంటుంది కాబట్టి ఊహించుకోవడానికి పెద్ద కష్టపడక్కర్లేదు.

ఇంత హడావిడిగా రాసింది బాగుంటుందా అని అనుమానం వచ్చినప్పుడల్లా ‘రాకీ’ సినిమా పేరు చెప్తారు. ఆ పందేనికీ దీనికీ సంబంధం లేదు, ఇది ముప్ఫై ఏళ్లు ముందటిది. 1975 మార్చి 24న ఒహాయోలో మహమ్మద్ అలీతో చక్ వెప్నర్ అనే, ఎవరూ లెక్కలో వేసుకోని బాక్సర్ తలపడ్డాడు. తొమ్మిదో రౌండ్‌లో అలీ ఒకసారి కిందపడ్డాడు. వెప్నర్ పదిహేనో రౌండ్ దాకా నిలబడి, ఇంకో పంతొమ్మిది సెకన్లలో గంట మోగుతుందనగా ఓడిపోయాడు. ఆ పోటీ చూసిన సిల్వెస్టర్ స్టాలోన్, అప్పటికి చిన్నాచితకా వేషాలు వేసుకుంటున్న నటుడు, ఇంటికెళ్లి మూడున్నర రోజుల్లో స్క్రిప్టు రాసేశాడు.

చాలామంది కథని ఇక్కడ ఆపి చప్పట్లు కొడతారు. నన్నడిగితే చప్పట్లు తరవాత జరిగిన పనికి కొట్టాలి. ఆ మొదటి రాతలో చాలాభాగం సినిమాలో లేదు. అందులో కథానాయకుడు రాకీ మోటువాడు, వడ్డీవ్యాపారి తరఫున జనాన్ని కొట్టి డబ్బు వసూలు చేసే రౌడీ. దాన్ని టైపు చేసిపెడుతున్న స్నేహితురాలు ఏడ్చిందనీ, ఇంత క్రూరుడంటే తనకి అసహ్యమందనీ స్టాలోనే తరవాత చెప్పుకున్నాడు. కొట్టబోయి ఆగిపోతే ఎలా ఉంటుంది అని అతను అడిగాడు. బాగుంటుంది అంది. ఒక అమ్మాయితో పరిచయం ఉంటే? అదీ బాగుంటుంది అంది. మళ్లీ రాతకి కూచున్నాడు.

ఆ దిద్దుబాటు ఫలితం సినిమా మొదట్లోనే చూడొచ్చు. ఓడరేవు దగ్గర బాకీపడ్డ మనిషిని రాకీ పట్టుకుంటాడు. దొరికినంత డబ్బు తీసుకుంటాడు. మిగతాదానికి నా కోటు తీసుకో అని అతను విప్పబోతే వద్దంటాడు. బాకీ తీర్చకపోతే బొటనవేలు విరవమని పైనుంచి ఆర్డరు. రాకీ విరవడు, విరవనందుకు వడ్డీవ్యాపారితో చీవాట్లు తింటాడు. మంచివాడని ఎవరూ అనరు, రాకీ కూడా అనుకోడు. చెయ్యాల్సిన పని ఒకటి చెయ్యకుండా వదిలేశాడు, అంతే. చేతికివ్వని కాఫీ గ్లాసు లాంటిదే ఇదీ. మొదటి రాతలో దెబ్బ ఉండబట్టే రెండో రాతలో దెబ్బని ఆపడానికి వీలైంది. కాగితం తెల్లగా ఉండి ఉంటే ఆ స్నేహితురాలికి ఏడవడానికి కూడా ఏమీ ఉండేది కాదు.

స్కేటింగు సీను ఇంకా గొప్పది. రాకీ, ఆ పరిచయమైన అమ్మాయి ఏడ్రియన్ తొలిసారి కలిసి బయటికెళ్తారు. జనంతో కిటకిటలాడే ఐస్ రింకులో తీద్దామనుకున్నారు. సినిమా మొత్తం బడ్జెట్టు పది లక్షల డాలర్ల చుట్టుపక్కల, షూటింగు 28 రోజులు. అంతమంది ఎక్స్‌ట్రాలకి డబ్బెక్కడిది? దాంతో రింకుని మూయించేశారు. పండగ రాత్రి, తలుపులేశారు, లోపల కాపలాదారు ఒక్కడే. రాకీ బతిమాలితే పది డాలర్లకి పది నిమిషాలు ఇస్తాడు. ఏడ్రియన్ తడబడుతూ మంచుమీద జారుతుంటుంది, స్కేట్లు లేని రాకీ పక్కన నడుస్తూ ఆపకుండా మాట్లాడుతుంటాడు, దూరం నుంచి కాపలాదారు ఇంకెన్ని నిమిషాలున్నాయో అరుస్తుంటాడు. వందలమంది జనంలో ఈ ఇద్దరూ ఎక్కడో కలిసిపోయేవాళ్లు. ఖాళీ రింకులో ఆమె బిడియానికి దాక్కునే చోటు లేదు. పైగా కాపలాదారు అరుపు సీనుకి ఒక గడియారం కట్టింది. డబ్బులేక వచ్చిన మార్పని తెలియకపోతే, ఇది మొదటినుంచీ ఇలాగే అనుకున్నారని ఎవరైనా ఒట్టేసి చెప్తారు.

ఛాంపియన్‌తో బాక్సింగ్ పోటీ ముందురోజు రాత్రి రాకీ ఒక్కడే ఖాళీ స్టేడియంకి వెళ్లి, తన నిలువెత్తు బొమ్మలో నిక్కరు రంగులు తారుమారయ్యాయని నిర్వాహకుడికి చెప్తాడు. ఆ బొమ్మ తప్పు నిజంగానే కళావిభాగం చేసిన తప్పు. తిరిగి వేయించే డబ్బు లేక దాన్ని డైలాగులో పెట్టేశారు. ఇప్పుడేమైంది? రాకీ ఎవరో, ఏ రంగు వేసుకుంటాడో ఎవడికీ పట్టలేదన్న సంగతి ఆ ఒక్క మాటతో తేలిపోయింది. అక్కణ్ణుంచి ఇంటికొచ్చి, గెలవలేను, చివరిదాకా నిలబడితే చాలు అని ఏడ్రియన్‌తో అంటాడు. బొమ్మ సరిగ్గా ఉండి ఉంటే ఈ రెండో మాటకి ఇంత బరువు వచ్చేది కాదు.

ఆఖరి పోటీని కూడా కాగితం మీదే గెలిచారు. ఇద్దరు నటులు రింగులో తోచినట్టు తన్నుకుంటుంటే పని జరగడం లేదని దర్శకుడు జాన్ అవిల్డ్‌సన్, స్టాలోన్‌ని రాసుకు రమ్మన్నాడు. ఎడమ, కుడి, మళ్లీ ఎడమ, వెనక్కి అడుగు అంటూ స్టాలోన్ పేజీల కొద్దీ దెబ్బలు రాసుకొచ్చాడు. డైలాగుల్ని బట్టీపట్టినట్టు ఇద్దరూ దెబ్బల్ని బట్టీపట్టారు. ‘ఇక్కడ ఫైటు వస్తుంది’ అని ఒక్క లైను రాసి పక్కకి తప్పుకునే అలవాటు ఏ భాషలోనైనా ఉన్నదే. అది నిమిషం పేజీని నిజంగా మోసం చెయ్యడం.

1977లో ‘రాకీ’కి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. స్క్రిప్టుకి నామినేషన్‌తో సరి, బహుమతి ‘నెట్‌వర్క్’ రాసిన పాడీ చయెఫ్‌స్కీకి పోయింది. అదే ఏడు ఉత్తమ చిత్రం పోటీలో ఉన్న ‘టాక్సీ డ్రైవర్’ కూడా కొద్దిరోజుల్లో రాసిందే. పాల్ ష్రేడర్ దానికి నామినేషన్ కూడా తెచ్చుకోలేకపోయాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మన తెలుగు సినిమావాళ్లకీ వేగం కొత్త కాదు. దర్శకుడు పూరి జగన్నాథ్ బ్యాంకాక్ విమానం ఎక్కాడంటే కొద్దిరోజుల్లో స్క్రిప్టుతో దిగుతాడని ఫిలింనగర్‌లో అందరికీ తెలుసు. కాకపోతే మన రాతకి పేజీ లెక్క అతకదు. కాగితాన్ని నిలువునా రెండు భాగాలు చేసి ఎడమవైపు జరిగేది, కుడివైపు డైలాగు రాయడం మన పాత పద్ధతి. అందులో పేజీకీ నిమిషానికీ పొత్తు లేదు. ఇంగ్లీషు సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఇప్పుడు పెరిగారు గానీ, తెలుగు అక్షరానికి ఒకటే వెడల్పు ఎక్కడుంది? ‘ర’కీ ‘ఝ’కీ ఎంత తేడా! గుణింతాలూ ఒత్తులూ పైకీ కిందకీ పోయి లైన్ల లెక్కని కూడా తప్పిస్తాయి.

అందుకని ఇక్కడ ఎవరైనా ఇలాంటి పందెం పెడితే పదాలూ వద్దు, పేజీలూ వద్దు, సీన్లు లెక్కపెట్టమంటాను. కథాచర్చల సిట్టింగుల్లో ఎటూ అదే లెక్క నడుస్తుంది. వన్‌లైన్ ఆర్డర్, అంటే సీన్ల వరస, ముందే వేసుకుని కూచుంటే, అరవై డెబ్బై సీన్లకి రోజుకి రెండు, కొన్ని రోజులు మూడు. పాటలకి మినహాయింపు ఇవ్వొచ్చు, ఫైట్లకి ఇవ్వకూడదు, దెబ్బ దెబ్బా రాయాల్సిందే. పదిహేనో తేదీ రాత్రికి ఇంటర్వెల్ పడాలి. ఆ రోజుకి పడకపోతే మిగతా పదిహేను రోజులూ సెకండాఫ్‌తో కుస్తీ తప్పదు, ఆ కుస్తీ ఎలా ఉంటుందో మన ప్రేక్షకులకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.